నా పాలసీలో టీటీడీ

2025 ఆగస్టు రెండో శనివారం పొద్దున అలిపిరి దారిలో కొండ దిగుతూ జారిపడ్డాను. ముందురోజు సాయంత్రం 3,550 మెట్లూ పెద్దగా ఆయాసపడకుండా ఎక్కినవాణ్ని. దర్శనమయ్యాక బస్సులో దిగుదాం రండి అని మా ఆవిడ ఎంత చెప్పినా వినకుండా నడిచే వస్తానని బయల్దేరాను. గాలిగోపురం దాటి కాస్త కిందికి వచ్చాక, రాత్రి వానకు తడిసిన మెట్టు మీద కాలు జారింది. కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు వంగిన తీరు చూస్తే ఎక్స్‌రే అక్కర్లేకుండానే సంగతి తెలిసిపోయింది.

నేను పళ్ళ డాక్టర్ని. తిరుపతి బైరాగిపట్టెడలో చిన్న క్లినిక్. ఒక చైరు, ఒక ఎక్స్‌రే మిషను, అసిస్టెంటుగా కాంతమ్మ. మెట్ల మీద కూర్చుని ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఉన్నప్పుడు నొప్పి కంటే ముందు బుర్రలోకి వచ్చింది సోమవారం అపాయింట్‌మెంట్లు. రెండు రూట్ కెనాళ్ళు, ఒక జ్ఞానదంతం.

ఇంటికి ఫోన్ చేసేసరికి మా అమ్మ అప్పటికే నిర్ణయం చేసేసి ఉంది. "పుత్తూరుకు పోదాం నాయనా. ఆకు పసరు, గుడ్డు సొన పూసి కట్టు కడతారు. మీ నాయన కాలు విరిగినప్పుడు నిలబెట్టింది ఆ కట్టే కదా" అని. మా బావ కారు కూడా తీసుకొచ్చేశాడు. మా జిల్లాలో పుట్టినవాడికి పుత్తూరు కట్టు వద్దని చెప్పడం చిన్న పని కాదు. కానీ నా బతుకు ఆ మణికట్టు మీద ఉంది. కీలు లోపలి దాకా చీలిన ఎముక అర మిల్లీమీటరు అటూ ఇటూ అతుక్కుంటే మళ్ళీ పన్ను తొలిచే ఎయిరోటార్ పట్టుకోగలనా అన్నది నా భయం. ఊళ్ళోనే ఆర్థో సర్జన్ దగ్గర ప్లేటు వేయించుకున్నాను. అమ్మ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆసుపత్రి ఖర్చు విషయంలో కంగారు పడలేదు. ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకున్న నాలుగేళ్ళ నాటి ఫ్యామిలీ ఫ్లోటర్ ఆరోగ్య పాలసీ ఉంది, క్యాష్‌లెస్ దొరికింది. 1,38,000 బిల్లులో 1,21,000 వాళ్ళు కట్టారు. మిగతాది గ్లౌజులు, సిరంజిలు, డ్రెస్సింగు సామాన్లు వగైరా. డిశ్చార్జి అయ్యేటప్పుడు బిల్లింగ్ కౌంటరులో కుర్రాడు "ఇన్సూరెన్స్ ఉండడం మంచిదైంది సార్" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, మూడో వారం దాకా.

మూడో వారంలో బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. చైరుకూ ఎక్స్‌రే మిషనుకూ తీసుకున్న లోను కిస్తీ 34,600. క్లినిక్ అద్దె 18,000. కాంతమ్మ జీతం 12,000. మొత్తం నెలకు 64,600, క్లినిక్ షట్టరు దించి ఉన్నా సరే. రాబడి సున్నా. క్లిప్పులు పెట్టుకున్న పిల్లలు మధ్యలో ఆగిపోకూడదని ఒక మిత్రుడు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి చూసి వెళ్ళాడు. అతను పుణ్యానికి చేశాడు, అతన్ని నేను డబ్బు అడిగే ముఖం ఎక్కడిది. మొత్తం తొమ్మిది వారాలు పని లేదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఎడమచేత్తో బీరువా తీసి కాగితాలన్నీ మంచం మీద పరిచాను. నాన్న నా చేత కట్టించిన ఎండోమెంట్ పాలసీలు రెండు, కలిపితే ఏడు లక్షలు. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు "ఇది కంపల్సరీ సార్" అంటూ అంటగట్టిన లోను రక్షణ పాలసీ ఒకటి. ఆరోగ్య బీమా. ఒక్కొక్కటే చదివాను. నిజం చెబుతున్నాను, సంతకం పెట్టిన తర్వాత వాటిని తెరవడం అదే మొదటిసారి. ఆరోగ్య బీమా ఆసుపత్రివాళ్ళకు కడుతుంది, మిగతావి నేను పోతేనో, ఎండోమెంటైతే గడువు తీరితేనో కడతాయి. నేను బతికి ఉండి చెయ్యి మాత్రం పనిచేయకపోతే ఎవరూ ఏమీ ఇవ్వరు. మా ఆవిడ స్టాఫ్ నర్సు. పక్కన కూర్చుని అంతా చూసి, "అంటే మీరు చస్తేనే మాకు లాభం" అంది. నవ్వుతూనే అంది లెండి.

అక్కణ్నుంచి నాలుగు నెలలు నేను చేసిన పని ఇదే. అందులో ఎక్కువ రోజులు పట్టింది పాలసీలు వెతకడానికి కాదు, నా గురించి నేను రాసి ఇవ్వడానికి.

మొదట ప్రమాద బీమా సంగతి చూశాను. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో చచ్చిపోతే ఇచ్చేది, శాశ్వత వైకల్యానికి ఇచ్చేది అందరికీ తెలిసినవే. మూడోది కొన్నింటిలో మనం అడిగి, అదనంగా కట్టి చేర్చుకోవాలి. తాత్కాలికంగా పని చేయలేని స్థితిలో ఉన్నన్ని వారాలు వారానికి ఇంత అని ఇస్తారు. ఇంగ్లీషులో దాని పేరు టెంపరరీ టోటల్ డిజేబుల్‌మెంట్. కాగితాల్లో పొట్టిగా టీటీడీ అని రాస్తారు. ఏజెంటు ఫోన్లో "సార్, మీకు టీటీడీ కావాలా వద్దా?" అని అడిగినప్పుడు చెన్నై నుంచి మాట్లాడుతున్నాడు కదా, దర్శనం టికెట్ల సంగతేమో అనుకున్నాను నేను. తర్వాత అమ్మకు చెబితే, "దేవస్థానంవాళ్ళు ఇన్సూరెన్సు కూడా ఇస్తా ఉండారా?" అంది. కొండ మీద పడ్డాను కాబట్టి ఇస్తారని ఆవిడ లెక్క.

నేను చూసిన పాలసీలో వారానికి బీమా మొత్తంలో 1 శాతం, గరిష్ఠంగా 100 వారాలు. 50 లక్షలకు తీసుకుంటే వారానికి 50,000 కదా అని సంబరపడ్డాను. కింద ఇంకో వాక్యం ఉంది: అది మన వారపు ఆదాయాన్ని మించకూడదు. ఆదాయమంటే మన నోటిమాట కాదు, ఐటీ రిటర్నులో ఉన్నది. ఈ వాక్యం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రమాద బీమాలో వృత్తిని బట్టి తరగతులుంటాయి. డాక్టర్లు, లాయర్లు, గుమాస్తాలు మొదటి తరగతి, అంటే ప్రమాదం తక్కువ, ప్రీమియం తక్కువ. గని కార్మికులూ సర్కసువాళ్ళూ ఆ చివర. ప్రీమియం తక్కువైతే మంచిదే. కానీ అదే కాగితంలో వైకల్యాల పట్టిక తిప్పి చూస్తే వేరే లెక్క కనిపించింది. ఒక చెయ్యి పోతే 50 శాతం. బొటనవేలు రెండు కణుపులూ పోతే 25. చూపుడువేలు మొత్తం పోతే 10.

ఆ రాత్రి ట్యూబ్‌లైటు కింద నా కుడి చూపుడువేలు చాలాసేపు చూసుకున్నాను. కట్టు విప్పి పది రోజులైంది, చర్మం పొట్టు లేస్తోంది, వేలు ఇంకా పూర్తిగా మడవడం లేదు. నోటి లోపల, వెనక దవడ పంటి కింద అద్దం పెట్టి, ఎయిరోటార్ నడిపేటప్పుడు అదురు లేకుండా ఆపేది ఈ వేలే. ఈ వేలు లేకపోతే ఒక గుమాస్తా ఎడమచేత్తో కంప్యూటరు కొట్టుకుంటాడు. పళ్ళ డాక్టరు, కంటి సర్జను, మత్తు డాక్టరు ఏం చేస్తారు? పట్టిక ప్రకారం నాకు 10 శాతం నష్టం. నా లెక్క ప్రకారం దుకాణం బంద్. పైగా శాశ్వత సంపూర్ణ వైకల్యం అంటే "ఏ పనీ చేయలేని స్థితి" అని నిర్వచనం. పళ్ళు పీకలేకపోయినా కాలేజీలో పాఠం చెప్పగలను కాబట్టి ఆ నిర్వచనంలోకి నేను రాను. సొంత వృత్తి చేయలేకపోతే చాలు అని రాసి ఇచ్చే పాలసీ కోసం నలుగురిని అడిగాను. నాకు దొరకలేదు. అందుకని పట్టికలో 10 శాతమైనా లెక్కకు వచ్చేటట్టు బీమా మొత్తాన్నే పెంచుకున్నాను. కోటి రూపాయలకు తీసుకున్నాను. చూపుడువేలు విలువ పది లక్షలు. కనీసం చైరు లోను తీరుతుంది.

ఫారంలో కుడి మణికట్టులో ప్లేటు ఉందని రాశాను. రాయకపోతే ఎవరికి తెలుస్తుందన్నాడు ఏజెంటు. ఆపరేషను బిల్లు ఇంకో బీమా కంపెనీ కట్టింది, తెలియకేం. పాత గాయం వల్ల వచ్చే ఇబ్బందులకు వర్తించదని ఒక వాక్యం చేర్చి పాలసీ ఇచ్చారు. న్యాయమే అనిపించింది.

ఇక టర్మ్ పాలసీ, అంటే గడువు లోపల పోతేనే ఇంటివాళ్ళకు డబ్బు వచ్చే జీవిత బీమా. ఇక్కడే నాకు గట్టి దెబ్బ తగిలింది.

నాకు 41. ఇద్దరు పిల్లలు, లోను, ఇంటి మీద ఇంకో లోను. మూడు కోట్లు ఉండాలని ఒక లెక్క వేసుకున్నాను. కంపెనీ మూడేళ్ళ ఐటీ రిటర్నులు అడిగింది. మా వృత్తివాళ్ళకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అని ఒక సెక్షను. లెక్కల పుస్తకాలు రాయనక్కర్లేదు, వచ్చిన ఫీజుల్లో సగం ఆదాయంగా చూపించి పన్ను కడితే చాలు. ఆ సెక్షను వచ్చినప్పటి నుంచీ మా ఆడిటరు అలాగే వేస్తున్నాడు. 24 లక్షలు వచ్చినట్టు చూపిస్తే 12 లక్షలు ఆదాయం. నగదుగా వచ్చిన ఫీజులు కొన్ని అసలు ఆ 24లోకే ఎక్కలేదన్నది కూడా ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ దాన్ని తెలివి అనుకున్నాను. ఆ కంపెనీ నా వయసుకు ఆదాయానికి 15 రెట్ల లెక్కన 1.80 కోట్ల కంటే ఇవ్వనంది. ప్రమాద బీమాలో వారపు చెల్లింపు కూడా ఆ 12 లక్షల్ని బట్టే. అంటే వారానికి 23 వేలు చిల్లర. ఆ పాలసీ ఆగస్టుకు ముందే ఉండి ఉంటే తొమ్మిది వారాలకు రెండు లక్షల పైచిలుకు వచ్చేది, అద్దె, కిస్తీ, కాంతమ్మ జీతం అన్నీ గట్టెక్కేవి. నిజం ఆదాయం చూపించి ఉంటే ఇంకా వచ్చేది. పన్నులో మిగుల్చుకున్నదానికి ఎదురు లెక్క ఇన్నాళ్ళకు వచ్చింది.

తర్వాత ఫోన్లో వైద్య పరీక్ష. కంపెనీ తరఫున ఒక డాక్టరమ్మ చేసింది. గొంతు చూస్తే ఇరవై ఆరేళ్ళుంటాయేమో. "మీరూ డాక్టరే కదా సార్, చకచకా అయిపోతుంది" అంది. సిగరెట్టు? లేదు. మందు? పండగకు పబ్బానికి. షుగరు? లేదు. ఆసుపత్రిలో చేరారా? చేరాను, ఆగస్టులో, మణికట్టు.

"బీపీ ఏమైనా ఉందా సార్?"

"లేదమ్మా."

"రోజూ వాడే మందులు?"

నేను ఆగాను. టేబుల్ డ్రాయర్లో టెల్మిసార్టన్ 40 పట్టీ ఉంది. రెండేళ్ళ నుంచి రోజూ పొద్దున ఒకటి మింగుతున్నాను. ఒకరోజు క్లినిక్‌లో పేషెంట్లు లేనప్పుడు ఊరికే చూసుకుంటే 150, 96 వచ్చింది. వారం చూశాను, తగ్గలేదు, పక్క మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకున్నాను. ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు, చీటీ లేదు, ఈసీజీ లేదు. మా ఆవిడకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. పళ్ళు పీకే ముందు ప్రతి పేషెంటునూ "బీపీ ఉందా, ఏం మాత్ర వేసుకుంటారు" అని అడిగేవాణ్ని నేను. ఎవరైనా "లేద్సార్" అని చెప్పి తర్వాత రక్తం ఆగకపోతే "ముందే ఎందుకు చెప్పలేదయ్యా" అని కసిరిన రోజులూ ఉన్నాయి.

"సార్, ఉన్నారా లైన్లో?"

"ఉన్నానమ్మా. ఇందాకటిది మార్చి రాసుకో. బీపీ ఉంది. రెండేళ్ళు."

"ఏ డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నారు సార్?"

దీనికి జవాబు చెప్పడానికి ఇంకా సిగ్గేసింది.

ఇంటికి వచ్చి రక్తం తీసుకున్నారు, ఈసీజీ తీశారు, ఫిజీషియను రాసిన రిపోర్టు కావాలన్నారు. మూడు వారాలు పట్టింది. ప్రీమియం దాదాపు పావు వంతు పెంచి పాలసీ ఇస్తామన్నారు, నేను ఒప్పుకున్నాను. మా బ్యాచ్‌మేటు ఒకడు విని, "పిచ్చోడా, చెప్పకుండా తీసుకుని మూడేళ్ళు లాగితే అయిపోయేది కదరా" అన్నాడు. వాడు చెప్పింది చట్టం ప్రకారం పూర్తిగా తప్పేమీ కాదు. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్ళు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. ఆ మూడేళ్ళ లోపల గుండెపోటు వస్తే? నేను పోయాక మా ఆవిడ కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, మెడికల్ షాపు కుర్రాడు "అవును, సార్ రోజూ తీసుకెళ్ళేవారు" అని చెబితే? ఆ పరిస్థితిలో ఆవిణ్ని ఊహించుకోలేకపోయాను. ఆరోగ్య బీమాలోనూ ఇలాంటి గడువుంది, 2024లో దాన్ని ఎనిమిదేళ్ళ నుంచి అయిదేళ్ళకు తగ్గించారు. మోసం రుజువైతే అది కూడా కాపాడదు.

ప్రపోజల్ ఫారంలో ఒక చిన్న గడి గురించి చెప్పాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటారా అని ఉంటుంది. అవునని టిక్ పెడితే ఆ డబ్బు భార్యాపిల్లలకు చెందిన ట్రస్టు లెక్క. నా అప్పులవాళ్ళు దాన్ని ముట్టుకోలేరు, నేను కూడా వెనక్కి తీసుకోలేను, తాకట్టు పెట్టుకోలేను. క్లినిక్ పేరు మీద అప్పులున్నవాడికి, రేపు ఏ కేసులోనో నష్టపరిహారం మీద పడే అవకాశం ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి. కానీ అది పాలసీ తీసుకునేటప్పుడే పెట్టాలి, తర్వాత కుదరదు. మా ఏజెంటుకు దాని సంగతే తెలియదు, "అది ఆడవాళ్ళకు సార్" అన్నాడు. నేనే పట్టుబట్టి పెట్టించాను. సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేయడం మాత్రం నాకు కలిసొచ్చింది. పెరిగిన పావు వంతులో కొంత అక్కడ సర్దుకుంది.

ఇక ఇండెమ్నిటీ. వైద్యంలో పొరపాటు జరిగిందని పేషెంటు కేసు వేస్తే లాయరు ఖర్చూ పరిహారమూ భరించే పాలసీ ఇది. 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చినప్పటి నుంచి మా వాళ్ళలో దీని మాట నడుస్తోంది. ఒక రోగి చనిపోయిన కోల్‌కతా ఆసుపత్రి కేసులో 2013లో వడ్డీ కాకుండానే దాదాపు ఆరు కోట్లు పరిహారం వేసినప్పుడు ఇంకాస్త గట్టిగా నడిచింది. నేను మాత్రం "పళ్ళ డాక్టరు మీద ఎవడేస్తాడు" అనుకుంటూ వచ్చాను.

చిత్తూరులో మాకు బాగా దగ్గరైన ఒక గైనకాలజిస్టు ఉన్నారు, అక్కా అని పిలుస్తాను. చెయ్యి చూడ్డానికి వచ్చినప్పుడు మాటల్లో ఆవిడ సంగతి బయటపడింది. పదకొండేళ్ళు మానకుండా ఇండెమ్నిటీ కట్టారు. ఒక ఏడాది కూతురి పెళ్ళి హడావుడిలో రెన్యూవల్ నలభై రోజులు ఆలస్యమైంది. ఏజెంటు "ఏం పర్వాలేదు మేడమ్" అని కొత్త పాలసీ చేసి పంపాడు. ఆ తర్వాత ఏడెనిమిది నెలలకు వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వచ్చింది. కేసు అంతకు ఏడాది ముందు చేసిన ఒక ఆపరేషను గురించి. కంపెనీకి పంపితే, మీ పాలసీ ఈ తేదీ నుంచి మొదలైంది, అంతకు ముందు చేసిన వైద్యానికి వర్తించదు అని రెండు లైన్ల ఉత్తరం.

"పదకొండేండ్లు కట్టినానబ్బా, అదంతా ఏమైపాయ?" అంది అక్క.

ఏమైందంటే, కారు బీమాలాగా దీనిలో ప్రమాదం జరిగిన రోజున పాలసీ ఉంటే సరిపోదు. కేసు వచ్చిన రోజున పాలసీ బతికి ఉండాలి, వైద్యం చేసిన తేదీ ఆ పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీకి తర్వాతదై ఉండాలి. మొదటిసారి పాలసీ తీసుకున్న రోజు ఆ తేదీ అవుతుంది. మధ్యలో తెగకుండా కడుతూ పోతే ఆ తేదీ అలాగే ఉంటుంది, తెగితే కొత్త తేదీ. ఆ నలభై రోజులు ఆవిడ పదకొండేళ్ళనూ మింగేశాయి. ఫిర్యాదు వేయడానికి పేషెంటుకు రెండేళ్ళ గడువుంటుంది కాబట్టి, ప్రాక్టీసు మానేసినా వెంటనే పాలసీ మానేయడానికి లేదు.

ఇంకో సంగతి కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నోటీసు రాగానే ఆవిడ కంగారులో పేషెంటు భర్తకు ఫోన్ చేసి, "మా వల్ల ఏదైనా లోటు జరిగి ఉంటే క్షమించండి, ఎంతో కొంత సర్దుకుందాం" అన్నారట. పాలసీ నడుస్తూ ఉన్నా ఈ ఒక్క ఫోనుతో చిక్కే. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, రాజీ మాట్లాడడం గానీ చేయకూడదని ప్రతి పాలసీలోనూ రాసి ఉంటుంది. కమిషన్‌కు జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి, అడిగితే ఇంకో 15 రోజులు. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వడానికి కమిషన్‌కు అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అక్క ఆ 45 రోజుల్లో ఇరవై రోజులు ఏజెంటుకు ఫోన్లు చేయడంలోనే గడిపారు. కేసు ఇంకా నడుస్తోంది, లాయరు ఫీజు సొంతంగా కడుతున్నారు.

అది విన్న మరుసటి వారం నేను ఒక ప్రభుత్వ రంగ బీమా కంపెనీ బ్రాంచికి వెళ్ళాను. ఏజెంటును నమ్మబుద్ధి కాలేదు. కౌంటరులో మేడమ్ నాలుగు పేజీల ప్రశ్నల కాగితం ఇచ్చారు. అప్పటికి నా కుడిచేత్తో రాయగలుగుతున్నాను, అక్షరాలు చిన్నపిల్లాడి రాతలా వస్తున్నాయి. ఏమేం చికిత్సలు చేస్తారు? ఇంప్లాంట్లు పెడతారా? మత్తు ఎవరిస్తారు? అసిస్టెంటుకు అర్హత ఉందా? ఇదివరకు కేసులున్నాయా, వచ్చే సూచనలున్నాయా? ఆ చివరి ప్రశ్న దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. రెండేళ్ళ కింద ఒక పెద్దాయనకు జ్ఞానదంతం తీశాక కింది పెదవి మొద్దుబారింది, మూడు నెలలకు సర్దుకుంది. ఆయన కొడుకు ఒకసారి గట్టిగా మాట్లాడి వెళ్ళాడు. రాశాను. మేడమ్ చదివి, "ఇవన్నీ రాసేవాళ్ళు తక్కువ సార్" అన్నారు. మెచ్చుకున్నారో, పని పెరిగిందని విసుక్కున్నారో ఇప్పటికీ తెలియదు.

అందులో ఒక నిష్పత్తి అడుగుతారు, ఒక్కో కేసుకు ఎంత, సంవత్సరం మొత్తానికి ఎంత అని. 50 లక్షలకు ఒకటికి ఒకటి తీసుకుంటే ఒకే కేసుకు 50 లక్షలూ వాడుకోవచ్చు. ఒకటికి నాలుగు అంటే ఒక్కో కేసుకు పన్నెండున్నర మించదు, ప్రీమియం కాస్త తగ్గుతుంది. మా పనిలో కేసులు అరుదు, వస్తే మాత్రం ఒకటే పెద్దదిగా వస్తుంది కాబట్టి ఒకటికి ఒకటి అన్నాను. పళ్ళ డాక్టరుకు ప్రీమియం ఆరు వేల లోపే, దీని మీద 18 శాతం జీఎస్టీ మాత్రం పోలేదు. సర్జన్లకూ గైనకాలజిస్టులకూ ఇంతకు చాలా ఎక్కువ. కాంతమ్మ పేరు అసిస్టెంటుగా చేర్పించాను. క్రిమినల్ కేసులో పడే జరిమానా ఏ పాలసీ కట్టదు. కొత్త న్యాయసంహిత 106వ సెక్షనులో డాక్టరు నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే రెండేళ్ళ దాకా శిక్ష ఉంది, అది ఎవరిది వారే అనుభవించాలి.

కన్సెంటు ఫారాలు ఆ వారమే మార్చాను. అంతకు ముందు ఒకే ఇంగ్లీషు కాగితం, కింద సంతకం. ఇప్పుడు తెలుగులో, పెదవి మొద్దుబారే అవకాశంతో సహా. చిన్నగొట్టిగల్లు నుంచి వచ్చిన ఒకాయన అది మొత్తం చదివి పన్ను పీకించుకోకుండా వెళ్ళిపోయాడు. పోనీ.

మా ఆవిడ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. జీతం 21,000 దాటేదాకా ఈఎస్ఐ ఉండేది, దాటాక పోయింది. ఆసుపత్రివాళ్ళ గ్రూపు పాలసీ మూడు లక్షలుంది, ఉద్యోగం మానిన రోజున అదీ పోతుంది. ఆవిడకు కూడా విడిగా టర్మ్, ప్రమాద బీమా తీసుకున్నాం. సూది గుచ్చుకుంటే ఏమిటన్నది ఆవిడ మొదటి ప్రశ్న. దానికి పాలసీ కంటే ముందు ఆసుపత్రి ఇన్సిడెంట్ రిజిస్టరులో అదే రోజు ఎక్కించడం ముఖ్యమని ఆవిడే నాకు చెప్పింది. ఆవిడ రెండుసార్లు గుచ్చుకున్నా రాయించలేదట. మొహమొహాలు చూసుకున్నాం.

ఫిజీషియను రిపోర్టు కోసమని వెళ్ళిన డాక్టరు దగ్గరికే ఇప్పుడు మూడు నెలలకోసారి వెళుతున్నాను. చీటీ రాయించుకుని, బయట బెంచీ మీద కూర్చుని. మాత్ర మార్చారు.

జనవరిలో ఒకరోజు కాంతమ్మకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం బ్యాంకులో ఇప్పించాను. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. తర్వాత క్లినిక్‌కు వచ్చి గోడ మీద ఉన్న దేవస్థానం క్యాలెండరు తిప్పి, ఇండెమ్నిటీ రెన్యూవల్ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. పక్కన టీటీడీ పాలసీ తేదీ ఇంకోటి. కాంతమ్మ ట్రేలో పనిముట్లు సర్దుతూ చూసింది.

"ఆ దినం ఏం పండగ సార్?"

"పండగ కాదు కాంతమ్మా, డబ్బు కట్టే రోజు."

"అట్లయితే నాదీ చుట్టండి. మే నెలాఖరు అన్న్యాడు గదా బ్యాంకాయప్ప."

మే 31 చుట్టూ కూడా ఒక సున్నా చుట్టాను.